నచ్చినట్టు కనపడకూడదు

పడవ కొందామన్న మాట మా ఇంట్లో మొదట అన్నది నేను. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఆ ఆలోచన తర్వాత మా ఆయనదని కొన్నాళ్లు, మా అబ్బాయిదని కొన్నాళ్లు, చివరికి మా స్నేహితుల వాట్సాప్ గ్రూపుదని కొన్నాళ్లు చెలామణీ అయింది. అన్నది నేనే. అవసరమూ నాదే.

రెండేళ్ల కిందట నా వెన్నుకి ఆపరేషన్ జరిగింది. నొప్పి పోయింది గానీ ఎడమ కాలు నా మాట వినడం మానేసింది. నాలుగు చక్రాల వాకర్ పట్టుకుని ఇంట్లో తిరుగుతాను, వంట చేస్తాను, వాటర్లూలో మా వీధి చివరి దాకా వెళ్లొస్తాను, వారానికి మూడు రోజులు ఆఫీసుకీ వెళ్తాను. చదునైన నేల ఉన్న చోట నాకే బెంగా లేదు. కానీ ఈ చలి దేశంలో వేసవి అంటే ఇసక, గడ్డి, రాళ్లు, నీళ్లు. దొరికే ఆ నాలుగు నెలల ఎండనీ ఎవరూ సిమెంటు మీద గడపరు.

శనివారం వస్తే చాలు, మూడు నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి ఏదో ఒక సరస్సు ఒడ్డుకి చేరతాం. వాకర్ చక్రాలు ఇసకలో కూరుకుపోతాయి. అందుకని నన్ను పార్కింగ్ పక్కన చెట్టు నీడలో మడత కుర్చీ వేసి కూర్చోబెడతారు. నా చుట్టూ ఐసు పెట్టెలు, పులిహోర ట్రేలు, చెప్పులు, తువ్వాళ్లు, ఏడెనిమిది ఫోన్లు, అందరి కార్ల తాళాలు చేరతాయి. "నువ్వున్నావుగా, చూస్తుంటావులే" అని నీళ్లలోకి పరిగెడతారు. మధ్యలో ఒకరొచ్చి నీళ్ల సీసా తీసుకుని, "బోర్ కొడుతోందా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోతారు. ఎవరికీ నా మీద ప్రేమ లేక కాదు. అదే నాకు ఇంకా ఒళ్లు మండిస్తుంది, ఎందుకంటే ప్రేమ లేకపోతే కనీసం దెబ్బలాడవచ్చు.

అలా కాపలా కూర్చున్న ఒక శనివారమే పాంటూన్ పడవని మొదటిసారి దగ్గర్నించి చూశాను. రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద చదునుగా పరిచిన నేల, చుట్టూ నడుమెత్తు కంచె, అందులో ఒక గేటు, పైన గుడ్డ కప్పు. నీళ్ల మీద తేలే అరుగులా ఉంది. ఒక అమ్మాయి పిల్లాడి బండిని ఒడ్డున ఉన్న చెక్కల వంతెన మీద నుంచి నేరుగా అందులోకి తోసుకుపోయింది. ఎత్తలేదు, దించలేదు, తోసుకుపోయింది, అంతే. పిల్లాడి బండి పోయిన చోటికి నా వాకర్ పోదా? ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, సెకండ్ హ్యాండ్‌లో అలాంటి పడవ ఒకటి చూద్దామని.

మా ఆయన మెచ్చుకున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. ఆ సంతోషంలో రెండు వారాలు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, ఏ వస్తువు కొన్నా ముందు దాని గురించి డాక్టరేట్ చేస్తాడు. ఇంజిన్ల గురించి నాకు పాఠాలు చెప్పాడు. పడవ పెట్టుకోవడానికి దగ్గర్లోని మెరీనాలో చోటు మాట్లాడాడు. వాట్సాప్ గ్రూపులో వేశాడు. అక్కడ ఒక్కసారి కూడా పడవెక్కని పెద్దమనుషులందరూ సలహాలు ఇచ్చారు. పన్నెండు మంది పట్టాలన్నారు, పిల్లలకి జారుడుబల్ల ఉండాలన్నారు, పాటలకి పెద్ద స్పీకర్లు ఉండాలన్నారు. ఎవరి శనివారం వాళ్లు ఊహించుకున్నారు. వాకర్ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పడవ ఎందుకు కొంటున్నామో మా ఇంట్లో వాళ్లకి ఎలాగూ తెలుసు కదా అనుకున్నాను.

చివరికి రెండు పడవలు మిగిలాయి. ఒకటి ఫెర్గస్ దగ్గర బెల్‌వుడ్ సరస్సు మీద, ఒక ముసలాయనది. పాతది, చిన్న ఇంజిన్, ఎనిమిది మంది పడతారు. రెండోది సిమ్‌కో సరస్సు మీద, మార్కమ్‌లో ఉండే ఒక తెలుగు అబ్బాయిది. వాళ్లింట్లో రెండో బిడ్డ పుట్టాక వాడటం కుదరక అమ్మేస్తున్నాడు. కొత్తది, పెద్దది, జారుడుబల్ల, స్పీకర్లు, రాత్రి వెలిగే నీలం లైట్లు. ధరలు ఇంచుమించు ఒకటే అయ్యేలా మాట్లాడగలనని మా ఆయన ధీమా. ముందు ముసలాయనది చూద్దామన్నాడు, దగ్గర కాబట్టి.

కారెక్కగానే నాకు హెచ్చరిక. "చూడు, బావున్నా బావున్నట్టు కనపడకు. నీ మొహంలో అన్నీ తెలిసిపోతాయి."

ఈ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఈ విద్యలో నేను మా ఆయన కంటే సీనియర్ని. నాకు ఎనిమిదేళ్లప్పుడు కోఠీలో ఒక బట్టల కొట్టు ముందు నెమలికంఠం రంగు పరికిణీ గుడ్డ చూసి, "అమ్మా, ఇది ఎంత బావుందో" అన్నాను. అమ్మ నా జబ్బ మీద రక్తం చిమ్మేలా గిల్లింది. బయటికొచ్చాక పాఠం చెప్పింది. నచ్చిందని కొట్టువాడికి తెలిస్తే ఇక వాడు ధర దించడు. నచ్చినదాన్ని పక్కన పడేయాలి. నచ్చనిదాన్ని తిరగేసి తిరగేసి చూడాలి. నచ్చినదానికి వంకలు పెట్టాలి, మొహం తిప్పుకోవాలి, బయటికి నడవాలి. నాలుగో అడుగుకి వాడే, "అమ్మా, ఇటు రండి, మీ మాటేంటో చెప్పండి" అని పిలుస్తాడు. నిజంగానే పిలిచేవాడు. నా పెళ్లి చీరల దాకా ప్రతి కొట్లోనూ మమ్మల్ని ఎవరో ఒకరు వెనక్కి పిలుస్తూనే వచ్చారు. ఆ పాఠం ఇక్కడా వదల్లేదు. మా మొదటి కారు, సోఫా, పిల్లల మంచాలు అన్నీ అలా మొహం మాడ్చుకుని కొన్నవే. కాబట్టి నా మొహం సంగతి నాకు మా ఆయన చెప్పనక్కర్లేదు. చూపిస్తా ఉండు, అనుకున్నాను.

ముసలాయన మా కోసం ఇంటి బయటే నిలబడి ఉన్నాడు. ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. పడవ రిపేర్ల కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి పట్టుకున్నాడు. నేను కారు దిగి వాకర్ విప్పుతుంటే నా వైపు చూసి, ఏమీ అనకుండా ఇంటి పక్కగా వేరే దారి చూపించాడు. ఆ దారి పొడుగునా చెక్కలు పరిచి ఉన్నాయి. ఒక పక్క పట్టుకోవడానికి కమ్మీ ఉంది. ఆ చెక్కలు ఏ మిట్టా పల్లం లేకుండా నీళ్ల దాకా పోయి, నీటి మీద తేలే వంతెనలో కలిశాయి. మా ఆయనా పిల్లలూ మెట్ల దారిన దిగారు. నేను చెక్కల దారిన ఒక్కదాన్నే దిగాను, వాళ్ల కంటే ముందు చేరాను.

ఆయన పడవ పక్క గేటు తీశాడు. అది మామూలు గేటు కాదు. కంచెని కోయించి బాగా వెడల్పు చేయించింది. కింద ఒక పలుచటి రేకు వంతెన మీదికి వాలింది. నా నాలుగు చక్రాలూ చిన్న కుదుపు కూడా లేకుండా లోపలికి పోయాయి. లోపల గేటు పక్కన సీటు తీసేసి ఖాళీ వదిలారు. అక్కడ కంచెకి ఒక ఉక్కు కమ్మీ బిగించి ఉంది, సరిగ్గా నా చెయ్యి అందే ఎత్తులో. వాకర్ వదిలేసి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కింద నీళ్లు. కాళ్ల కింద నేల కొంచెం ఊగింది, నేను ఊగలేదు. రెండేళ్లలో నీటికి నేను అంత దగ్గరగా వెళ్లడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. గట్టిగా మింగేశాను, బేరం నడుస్తోంది కదా.

మా ఆయన మొదలుపెట్టాడు. సీట్లు వెలిసిపోయాయన్నాడు. ఇంజిన్ చిన్నదన్నాడు. గుడ్డ కప్పు ఒక మూల చిరిగిందన్నాడు. ముసలాయన ప్రతిదానికీ అవునని తలూపాడు, ఒకటి రెండిటికి ఫైల్లోంచి కాగితం తీసి చూపించాడు. మా అబ్బాయి మొహం చిట్లించి, "డాడ్, దిస్ ఈజ్ ఎ గ్రాండ్‌పా బోట్," అన్నాడు, ఆ గ్రాండ్‌పా ఎదురుగానే. చివరికి మా ఆయన గేటు దగ్గరికొచ్చాడు. కంచెని ఇలా కోయిస్తే పడవ బలం తగ్గుతుందనీ, రేపు మళ్లీ అమ్మాలంటే ఇలాంటిది ఎవరు కొంటారనీ అన్నాడు. ముసలాయన ఫైలు తెరవలేదు. అప్పట్లో అవసరమొచ్చి చేయించానని మాత్రం చెప్పాడు.

అప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేను పట్టుకున్న కమ్మీని పైనుంచి కిందికి ఒకసారి చూశాను. పెదవి విరిచాను. చెయ్యి తీసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాను. మా అమ్మ కూడా అంత దూరం వెళ్లేది కాదు. "పద, వెళ్దాం" అన్నాను మా ఆయనతో తెలుగులో. ఆ మాట అర్థం కావడానికి భాష రానక్కర్లేదు.

వాకర్ తోసుకుంటూ చెక్కల దారిన వెనక్కి నడిచాను. నాలుగడుగులు వేశాను. పది వేశాను. పిలుపు రాలేదు. నా నడక ఎలాగూ నెమ్మది, ఇంకొంచెం నెమ్మది చేశాను. కారు తలుపు దాకా వచ్చి తిరిగి చూస్తే ముసలాయన గేటు మూసి గడియ పెడుతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, జాగ్రత్తగా వెళ్లండని చెప్పాడు.

"పిలవలేదేంటి?" అన్నాను కారులో.

"పిలుస్తాడులే" అన్నాడు మా ఆయన. వెంటనే మార్కమ్ పడవ గురించి అందుకున్నాడు.

ఆ తర్వాతి రెండు రోజులు నాకు నరకం. ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే బల్ల కింద ఫోన్ తీసి ఆ ప్రకటన ఉందో తీసేశారో చూసుకున్నాను. ఉంది. అంటే ఇంకా అమ్ముడుపోలేదు. మరి ఈ మనిషి ఫోన్ ఎందుకు చెయ్యడు? అంత బెట్టేమిటి? రాత్రి మా ఆయన్ని అడుగుదామంటే ఆయన గ్రూపులో మార్కమ్ పడవ ఫోటోలు పెట్టి అందరి చేతా ఆహా ఓహో అనిపించుకుంటున్నాడు. మా అమ్మాయి జారుడుబల్ల మీద నుంచి దూకేటప్పుడు ఏ రంగు స్విమ్ సూట్ వేసుకోవాలో తేల్చుకుంటోంది. మా ఆయనది పైకి నటన అనుకున్నాను. రెండో పడవ మీద మోజు పడ్డట్టు కనపడితే మొదటిది దిగుతుందని లెక్క వేస్తున్నాడనుకున్నాను. ఇంట్లో కూడా నటిస్తున్నాడే, ఎంత గట్టివాడు, అని లోపల మెచ్చుకున్నాను కూడా. అంత తెలివితక్కువతనం నాది.

మూడో రోజు పొద్దున కాఫీ దగ్గర ఇక ఆగలేకపోయాను. ఆయన పిలిచేలా లేడు, మనమే ఒక మెట్టు దిగి మాట్లాడదామన్నాను.

"ఎవరు?" అన్నాడు.

"బెల్‌వుడ్ ఆయన."

మా ఆయన కప్పు కింద పెట్టాడు. "అదా? అది నీకు నచ్చలేదుగా."

"నచ్చనట్టు ఉండమన్నది నువ్వే కదా" అన్నాను.

"ఉండమన్నాను గానీ... నువ్వు చెయ్యి తుడుచుకున్నావు. నాకే చిన్నతనంగా అనిపించింది. నిజంగానే అసహ్యం వేసిందేమో అనుకున్నా. అందుకే దాన్ని వదిలేశా."

ఇరవై రెండేళ్ల కాపురం. నేను సాంబారు వడ్డించే తీరు చూసి నా కోపం ఎంతో చెప్పగల మనిషి. నా మొహంలో అన్నీ తెలిసిపోతాయని కారులో చెప్పిన మనిషి. తిట్టడానికి నోట్లోకి చాలా మాటలొచ్చాయి. ఒక్కటీ తిట్టలేదు, ముందు ఫోన్ అందుకున్నాను.

ముసలాయన రెండో రింగుకే ఎత్తాడు. నేనెవరో చెప్పాను. వాకర్‌తో వచ్చానని చెప్పగానే గుర్తుపట్టాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, మీ పడవ నాకు చాలా నచ్చింది, మీరు చెప్పిన ధరకే తీసుకుంటాం అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన నెమ్మదిగా చెప్పాడు, ఆ ముందురోజు సాయంత్రమే ఒకాయనకి మాట ఇచ్చేశాననీ, గంట కిందటే అతనొచ్చి ట్రెయిలర్ మీద పెట్టుకుని తీసుకెళ్లాడనీ. చేపలు పట్టుకోవడానికట.

అంతటితో పెట్టేయవలసింది. పెట్టలేకపోయాను. ఆ గేటు చాలా బావుందని చెప్పాను. ఆ కమ్మీ కూడా.

"అది నా భార్య కోసం చేయించాను" అన్నాడు ఆయన. "మీరు కారు దిగుతుంటే చూసి, ఈ పడవ వీళ్లకే అనుకున్నాను. మీ వాళ్లు ఏమన్నా పట్టించుకోలేదు. కానీ మీరు దాన్ని ముట్టుకుని చెయ్యి తుడుచుకున్నారు. అయినా రెండు రోజులు మీ ఫోన్ కోసం చూశాను."

మేము ఆయన ఫోన్ కోసం, ఆయన మా ఫోన్ కోసం. క్షమించండి అన్నాను. మా దగ్గర బేరమాడే పద్ధతి అలా ఉంటుందని చెప్పబోయాను. సగంలోనే నాకు సిగ్గేసింది. ఆయన పెద్దమనిషి, పరవాలేదన్నాడు. మీకు మంచి పడవ దొరకాలని కోరుకుంటున్నానన్నాడు. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి పిల్లలు లేస్తారన్న జ్ఞానం కూడా లేకుండా ఏడ్చాను.

మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒక మాట ముందే చెప్పాల్సింది కదా, అన్నాడు. ఏ మాట ముందు చెప్పాలి, నేను నడవలేననా, అని అరిచాను. ఇంట్లో అరిచి చాలా రోజులైంది. ఆయన బిక్కమొహం వేశాడు. సర్ది చెబుతున్నాననుకుని, "పోనీలే, మార్కమ్ పడవ ఉందిగా. మేం ఎత్తి ఎక్కిస్తాంలే నిన్ను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు చేతిలో ఉన్న గ్లాసు విసిరేయాలనిపించింది.

శనివారం సిమ్‌కో సరస్సుకి వెళ్లాం. వెళ్లకపోతే పిల్లలు ఊరుకోరు. ఏమో, గేటు ఎలా ఉంటుందో చూడకుండా వద్దనడం దేనికని నాకూ ఒక మూల ఆశ. మార్కమ్ అబ్బాయి ముప్ఫై అయిదేళ్లవాడు, మనిషి కలుపుగోలు. "రండన్నా, రండొదినా" అని మెరీనా గేటు దాకా ఎదురొచ్చాడు. వాళ్లావిడ మా కోసం గారెలు చేసి పంపింది. పడవ ఫోటోల్లో కంటే బావుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తళతళలాడుతోంది. మా అమ్మాయి దాన్ని చూసి గంతులేసింది.

పక్క గేటుకి అడ్డంగా పెద్ద సోఫా వేయించాడు, ఎక్కువమంది కూర్చుంటారని. ఎక్కడానికి ముందు వైపు గేటు ఒకటే దారి. వంతెన మీద నుంచి మోకాలెత్తు పైకి అడుగు వేయాలి. ఆ గేటు నా భుజాలకి సరిపోతుంది, వాకర్‌కి సరిపోదు. మా ఆయన ఒక జబ్బ పట్టుకున్నాడు, మా అబ్బాయి ఇంకో జబ్బ పట్టుకున్నాడు, మార్కమ్ అబ్బాయి లోపల నుంచి రెండు చేతులూ చాచాడు. "వన్, టూ, త్రీ" అన్నారు. నన్ను ఎత్తి లోపల పెట్టారు. ఎడమ చెప్పు జారి నీళ్లలో పడింది. మా అబ్బాయి వంగి తీసి నా చేతికిచ్చాడు. నా చీర కుచ్చిళ్లు ఎక్కడివక్కడ ఊడిపోతే సర్దుకుంటూ సోఫాలో కూలబడ్డాను. వాకర్ వంతెన మీద ఉండిపోయింది.

"చూశావా, ఎంత తేలికో" అన్నాడు మా ఆయన.

సోఫా మెత్తగా ఉంది. కానీ అక్కడ నుంచి కంచె దాకా నాలుగడుగుల దూరం, పట్టుకోవడానికి ఏమీ లేదు. నీళ్లు చూడాలంటే ఎవర్నయినా పిలవాలి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ముగ్గుర్ని పిలవాలి. ఈ పడవలో ప్రతి శనివారం నేను ఎక్కడ ఉంటానో, నా చుట్టూ ఏమేం పెడతారో అప్పుడే కళ్ల ముందు కనపడింది. మా ఆయనా ఆ అబ్బాయీ ఇంజిన్ మూత తీసి అది ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో లెక్క మాట్లాడుకుంటున్నారు. మా ఆయన స్పీకర్లలో ఒకటి బొంగురుగా ఉందన్నాడు, ఆ అబ్బాయి నవ్వాడు. బేరం మొదలైంది.

"నాకిది నచ్చలేదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ అబ్బాయి మొహం వెలిగింది. "అబ్బో, వదిన రంగంలోకి దిగారు. సరే, మీ కోసం వెయ్యి తగ్గిస్తా వదినా."

"తగ్గించమని కాదు బాబూ. నేను దీంట్లోకి ఎక్కలేను. నాకు నచ్చలేదు."

"మా అమ్మా ఇంతే వదినా, షాపులో కూర్చుని కదలదు. మీరు గట్టివారు. ఇంకో అయిదొందలు, ఇక నా వల్ల కాదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నమ్మింది. నిజం చెబుతుంటే ధర తగ్గుతోంది. మూడోసారి నోరు తెరిస్తే ఇంకో అయిదొందలు తగ్గేలా ఉంది. ఇక మాట్లాడితే ఏడుస్తానని తెలిసి మా ఆయన వైపు చూశాను. మొహంలో ఏం పెట్టాలో, ఏం దాచాలో కూడా నాకప్పుడు తెలియలేదు, ఉన్నది ఉన్నట్టు వదిలేశాను. ఆయన కళ్లలో బేరం దిగిన మెరుపు ఇంకా ఉంది. ఆ మెరుపుతోనే నన్ను చూసి కన్ను గీటబోయాడు, సగంలో ఆగాడు. పిల్లలిద్దరూ జారుడుబల్ల పైన కూర్చుని తండ్రి మాట కోసం చూస్తున్నారు.

ఆయన వంతెన మీద ఉన్న వాకర్ని చూశాడు, గేటుని చూశాడు, నా చేతిలో నీళ్లు కారుతున్న చెప్పుని చూశాడు. ఇంజిన్ మూత వేసేశాడు.

"ఆగు తమ్ముడూ" అన్నాడు. "తను బేరమాడట్లేదు. తను ఎక్కలేదు, మేం ఎత్తి పెట్టాం."